చెంపకు తెలిసిన వేడి

అందరూ మణికట్టే చూపిస్తారు. "రెండు పాలచుక్కలు వేసి చూడమ్మా, వేడీ చలవా ఏదీ తెలియకుండా ఉంటే అదీ లెక్క" అని ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ చెప్పింది. పక్కింటి పిన్ని అదే చెప్పింది. పాలపొడి డబ్బా మీద బొమ్మలో ఉన్నావిడ కూడా మణికట్టు చూసుకునే నవ్వుతుంటుంది.

నేను ఇస్త్రీ పనిదాన్ని. ఎనిమిదో తరగతిలో ఉండగా మా అమ్మకు నడుము పట్టేస్తే ఆమె బల్ల దగ్గర నేను నిలబడ్డాను, మళ్ళీ బడికి పోలేదు. బొగ్గుల పెట్టె సెగకీ, తడిబట్టల ఆవిరికీ నా చేతులు మోచేతుల దాకా మొద్దుబారిపోయాయి. పొయ్యి మీద గిన్నెను ఉత్తచేత్తో దించుతాను. పెళ్ళయిన కొత్తలో అది చూసి మా అత్తయ్య, "కోడలు రాలేదే మనింటికి, పట్టకారు వచ్చింది" అని నవ్వింది.

మనవరాలు పుట్టాక ఆవిడకు ఆ నవ్వు పోయింది. నా పాలు పిల్లకి చాలక డబ్బాపాలు మొదలుపెట్టిన రోజున, కలిపి, చుక్కలు వేసుకున్నాను. ఏమీ తెలియలేదు. తెలియకపోతే సరిగ్గా ఉన్నట్టే కదా, నర్సమ్మ చెప్పిందీ అదే కదా అని సీసాను పిల్ల నోటి దాకా తీసుకెళ్ళాను. ఏమనిపించిందో, అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టింది. తన మణికట్టు మీద ఒక్క చుక్క వేసుకుని చటుక్కున దులిపేసుకుంది.

"ఇవి పాలా, సలసల కాగే నీళ్ళా? నీది చర్మమా, చెప్పుల తోలా?"

ఆ రోజు నుంచీ కలపడం నేను, చుక్క చూడడం అత్తయ్య. ఆవిడ లేకపోతే మా ఆయన. మిగతాదంతా నర్సమ్మ చెప్పినట్టే పొల్లుపోకుండా చేస్తాను. పొడిలో కంటికి కనబడని క్రిములు ఉండొచ్చట, మరిగించిన నీళ్ళు బాగా వేడిగా ఉండగానే కలిపితే చస్తాయట, ఆ తర్వాతే చల్లార్చాలట. బయటికి వెళ్తే కలిపిన పాలు మోసుకుపోకూడదు. వేడినీళ్ళు ఫ్లాస్కులో, పొడి తడి తగలని డబ్బాలో, ఉడికించిన సీసాలు మూతలతో విడిగా. తాగగా మిగిలింది దాచకూడదు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. ఆ ఒక్క చుక్క దగ్గరే నేను తల్లిని కాలేకపోయాను.

పిల్లను మేము మేస్త్రీ అంటాం. అది ఒక్క కేక వేస్తే ఇంట్లో అందరూ పనిలోకి దిగుతారని వాళ్ళ నాన్న పెట్టిన పేరు.

మొన్న మేస్త్రీకి టీకా రోజు వచ్చింది. ఆరోగ్య కేంద్రం ఏటికి అవతలి ఒడ్డున. అత్తయ్య మా ఆడపడుచు పురిటికి వెళ్ళింది. మా ఆయనకు సెలవు దొరకలేదు. తెల్లారి ఆయన చుక్క చూశాక ఒకసారి పాలు పట్టేసి, పొద్దుటి లాంచీ ఎక్కాను. మళ్ళీ ఆకలయ్యేసరికి అవతలి ఒడ్డుకు చేరతాం, అక్కడ నర్సమ్మ చూస్తుంది. ఇదీ నా లెక్క.

ఏటి నడిమికి వచ్చేసరికి పొగమంచు దిగింది. దిగడమంటే మామూలుగా కాదు, వెనక కూర్చున్న నాకు లాంచీ ముందుభాగం కనబడలేదు. సరంగు కొంతదూరం తడుముకుంటూ నడిపి, ఎక్కడున్నామో తెలియక ఇంజను ఆపి లంగరు వేశాడు.

"ఎంతసేపు బాబాయ్?" అన్నాను.

"మంచునడుగమ్మా. నా మాట నా పెళ్ళామే వినదు, మంచు వింటుందా?"

నలుగురు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంజను ఆగాక అంత పెద్ద ఏరు చప్పుడు చేయకుండా మా కింద కదులుతోంది. చుట్టూ తెలుపు. పైన ఆకాశం లేదు, కింద నీళ్ళు లేవు. ఉతికి ఆరేసిన దుప్పటిలో మమ్మల్నందరినీ మూటగట్టి ఎవరో వేలాడదీసినట్టుంది. మేస్త్రీ కళ్ళు పెద్దవి చేసి ఆ తెలుపుకేసి చూసింది. తర్వాత దానికి ఆకలి గుర్తొచ్చింది.

భుజం మీద వేసుకున్నాను, ఊపాను, నా పాలకే పెట్టి చూశాను. రెండు గుటకలు వేసి మళ్ళీ కేకలు. మొహం కందగడ్డయింది.

"ఆకలేడుపమ్మా అది. సంచిలో అన్నీ ఉన్నట్టున్నాయిగా, పట్టవేం?" అంది ఎదురుగా కూర్చున్న చేపలావిడ. ఆవిడ కాళ్ళ దగ్గర మంచుగడ్డల పెట్టె ఉంది.

ఫ్లాస్కు మూత తీస్తే ఆవిరి గుప్పున వచ్చింది. చేతులు శుభ్రం చేసుకుని, నీళ్ళు కొలిచి పోసి, పొడి వేసి, మూత బిగించి కలిపాను. ఇక చల్లార్చాలి. సరంగు బాల్చీ ముంచి ఏటినీళ్ళు ఇచ్చాడు. మూత దాకా తడవకుండా సీసాను సగం ముంచి పట్టుకున్నాను. కాసేపటికి బాల్చీలోవి పారబోసి మళ్ళీ ముంచి ఇచ్చాడు. జానెడు సీసాలో వేడిని తీయడానికి ఇంత ఏరు ఒంగి వచ్చింది కదా అనిపించింది.

అయితే ఎంతవరకు? సీసాను తడి లేకుండా తుడిచాను. సిగ్గు విడిచి చేపలావిడను అడిగాను. "అక్కా, నా చేతికి వేడి తెలియదు. ఒక్క చుక్క చూస్తావా?"

ఆవిడ చెయ్యి చాపింది. పైనుంచి చుక్క వేశాను. "అమ్మో, కాలుతోంది."

మళ్ళీ ముంచాను. మళ్ళీ చుక్క. "ఇంకా కాలుతోంది."

పక్కనే రొట్టెల బట్టీలో పనిచేసే ఆయన తన చెయ్యి చాపాడు. "ఏదీ, ఇలా వెయ్యి. ఇదా కాలేది? చన్నీళ్ళలా ఉంది. ఆవిడ మాట వినకు చెల్లెమ్మా, రోజంతా మంచులో చేతులు పెట్టుకునే మనిషికి ఎండ కూడా నిప్పే."

"నువ్వు రోజంతా నిప్పులో పెడతావుగా, నీకు నిప్పు కూడా నీళ్ళే" అందావిడ.

"నేను చెబుతానుండండి" అని సరంగు వచ్చాడు. ఇంజను నూనెతో ఆయన చెయ్యి తాబేటి డిప్పలా ఉంది. చుక్క వేస్తే చాలాసేపు దాన్నే చూశాడు. "ఏదో పడిందమ్మా. అంతవరకు చెప్పగలను."

లాంచీ అంతా గొల్లుమంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ నోరు నవ్వింది. లోకంలో నాదొక్కదానిదే పాడైన చెయ్యనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇక్కడ ఎవరి పని వాళ్ళ చేతినే తినేసింది.

మేస్త్రీ గొంతు బొంగురుపోయింది. సీసాను మళ్ళీ కలిపి, ఏం చేయాలో తోచక, చెంప దగ్గరికి ఎత్తాను. ఎందుకెత్తానో ఎత్తాక తెలిసింది.

ఇస్త్రీ పెట్టెను ఏ ఇస్త్రీమనిషీ చేత్తో చూడదు. ఎత్తి, చెంపకు బెత్తెడు దూరంలో పెట్టుకుంటుంది. పట్టుకు ఇంత సెగ, నూలుకు ఇంత, చంటిపిల్లల జుబ్బాలకు ఇంత అని చెంప చెబుతుంది. మా అమ్మ నేర్పింది. పెట్టె పట్టిన నాటి నుంచి నా చెంప ఒక్క పట్టుచీరనూ కాలనివ్వలేదు. చేతికి తెలియదని అందరూ అంటుంటే, వేడి నాకే తెలియదనుకున్నాను. మణికట్టు అని చదువుకున్నవాళ్ళు చెబితే, మణికట్టు దగ్గరే ఆగిపోయాను.

కంటి కింద, చెంప మీద ఒక చుక్క వేసుకున్నాను. తెలిసింది. ఎంత బాగా తెలిసిందంటే నాకే భయమేసింది. ఇంకా ఒక పిసరు ఎక్కువ. సీసాను బాల్చీలో పెట్టి తీసి, తుడిచి, కలిపి, మళ్ళీ చుక్క. ఈసారి అది వేడీ కాదు, చలవా కాదు. చెంప మీద జారిందన్న సంగతి ఒక్కటే ఉంది, తడి ఉంది, మరింకేమీ లేదు. నర్సమ్మ చెప్పిన 'ఏమీ తెలియకపోవడం' ఇదన్నమాట. నా చేతికి తెలియకపోవడం వేరు, ఇది వేరు.

పట్టాను.

మేస్త్రీ ఒక్క క్షణం ఆగి, నా మొహంలోకి చూసి, అందుకుంది. గుటక. గుటక. లాంచీలో అందరూ మాటలాపేశారు. ఆ తెల్లటి నిశ్శబ్దంలో వేలెడు గొంతు చేసే చప్పుడు ఏటి మీదంతా వినబడుతున్నట్టుంది. రొట్టెలాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మేస్త్రీ పిడికిళ్ళు మెల్లగా విచ్చుకున్నాయి. ఆ చేతులకు ఇంకా అన్నీ తెలుసు. మంచు తెలుసు, నా కొంగు నేత తెలుసు, నా వేలి మీద కాయ తెలుసు. ఏమీ చేయని చేతులు అంత గొప్పగా ఉంటాయని అప్పటిదాకా నేను చూడలేదు.

కొంచెం మిగిల్చి నిద్రపోయింది.

"మళ్ళీ లేస్తే పనికొస్తాయి, దాచమ్మా" అంది చేపలావిడ.

"ఎంగిలి తగిలిన పాలు దాచకూడదక్కా, పురుగు పడుతుంది. లేస్తే రెండో సీసాలో మళ్ళీ కలుపుతాను. ఫ్లాస్కులో నీళ్ళు ఇంకా వేడిగానే ఉన్నాయి." నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

లాంచీ అంచు మీదుగా సీసా వంచాను. పాలు నీళ్ళలో పడి ఒక తెల్లటి పోగులా సాగి, మెలితిరిగి, లేకుండా పోయాయి.

"ఏటికి కూడా పట్టావన్నమాట. చెంప మీద చూసే పోశావా?" అన్నాడు సరంగు.

"దాని వేడి దానికే తెలుసు బాబాయ్" అన్నాను.

అప్పుడే ఎక్కడో కుక్క మొరిగింది, చాలా దగ్గరలో. అందరం తలలెత్తాం. పొగమంచు ఒకచోట పలచబడింది, దాని వెనక మెట్లు, మెట్ల మీద బట్టలుతికే మనిషి, ఆమె చేతిలో తడిచీర. పిలిస్తే పలికేంత దూరంలో అవతలి ఒడ్డు. ఇంతసేపూ అక్కడే ఉంది.