ధర్మయ్య గోదాములో గబ్బిలాలు లేవు

ఆ బుధవారం పొద్దున నేను వెళ్లింది నా మిషన్ కోసం. గబ్బిలాల కోసం కాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత ఎవరూ నన్ను మంచిదాన్ని చేయొద్దు.

నా పేరు సుస్మిత. గబ్బిలాల లెక్క రాయడం నా ఉద్యోగం. మూడేళ్లుగా ఆర్మూరు చుట్టుపక్కల గుట్టలు, పాడుబడ్డ ఇళ్లు, ఎండిన బావులు, పసుపు గోదాములు తిరుగుతున్నాను. గబ్బిలాల అరుపు మన చెవికి అందదు. అందుకని చీకటి పడకముందే ఒక రికార్డర్ వేలాడదీసి వస్తాం. అది పట్టిన అరుపులు కంప్యూటర్ తెర మీద గీతలుగా కనబడతాయి. ఆ గీతలను బట్టి ఏ జాతి ఎక్కడుందో రాస్తాం. ఈ మూడేళ్లూ నా దగ్గరున్నది ఒకటే రికార్డర్. ఎండకు ఎండింది, వానకు తడిసింది. భీమ్‌గల్ దగ్గర కోతి చేతికి చిక్కి చెట్టు మీంచి కిందపడింది. అయినా మొరాయించలేదు. పై ఆఫీసు వాళ్లు కొత్త తరం రికార్డర్ పంపించి, పాతది పక్కన పెట్టెయ్యమన్నప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బాగా పనిచేసేదాన్ని మార్చడమెందుకని ఫోన్లోనే పోట్లాడాను.

కొత్తదాన్ని ముందు ఒక రాత్రంతా గబ్బిలాలు లేని చోట పెట్టి, తనంతట తాను చప్పుడేమైనా చేస్తోందేమో చూడమన్నారు. లేని చోటు అనగానే నాకు తట్టింది మార్కెట్ యార్డు వెనకున్న ధర్మయ్య గోదాము. అక్కడ ఏమీ లేవని మూడు వారాల కింద రాసిచ్చింది నేనే కదా. మంగళవారం సాయంత్రం కొత్త రికార్డర్ తీసుకెళ్లి దూలానికి కట్టి వచ్చాను.

ఆ రాసిచ్చిన కథ కూడా చెప్పాలి. ధర్మయ్యను నేను కాకా అని పిలుస్తాను. పోయినేడు ఆయన పసుపుకు పురుగు పట్టింది. ఈసారి గోదాములో పురుగును చంపే విషపు గ్యాస్ గోళీలు పెట్టిద్దామనుకున్నాడు. ఆయన భార్య నీలవ్వ చిన్నమ్మ అడ్డం పడింది.

"లోపట గబ్బిలాలున్నయి. పొద్దుగూకంగనె గా వెంటిలేటర్ల నుంచి ఎల్తయి. బొటనవేలంత ఉంటయి. వాటిని సంపి పసుపు అమ్ముకుంటమా?" అంది.

కాక తలపట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. ఉన్నయా లేవా నువ్వే జెప్పు. ఉన్నయంటే పెట్టియ్య. మీ చిన్నమ్మ నా మాట ఇనది, నీ మాటయితె ఇంటది."

మూడు రాత్రులు నా పాత రికార్డర్ పెట్టాను. ఒక్క గీత పడలేదు. ఆ మాటే నీలవ్వ చిన్నమ్మకు చెప్పాను.

"మరి నేను చూసినయేంది?" అంది.

"పిచ్చుకలేమో చిన్నమ్మా. లేకుంటే పెద్ద పురుగులు. నీకు కండ్లు మసక గద."

ఆమె గోదాములోకి వెళ్లి అటక కింద ఊడ్చిన చెత్తను చాటలో తెచ్చి నా ముందు పెట్టింది. నల్లటి చిన్న పెంటికలు. ఎలుకలవని చెప్పాను. చెప్పి నవ్వాను కూడా. గబ్బిలం పెంటిక అయితే వేళ్లతో నలిపితే పొడి అవుతుంది, ఎలుకదైతే కాదు. ట్రైనింగులో మొదటి రోజు నేర్పేదే అది. నేను నలపలేదు. 'ధర్మయ్య గోదాములో గబ్బిలాలు లేవు' అని రాసి, సంతకం పెట్టి, ముద్ర గుద్ది ఇచ్చాను. చిన్నమ్మ ఆ కాగితాన్ని కాసేపు పట్టుకుని చూసి, ఇక అడ్డం చెప్పలేదు.

గ్యాస్ పెట్టేది గురువారం అన్నారు. బుధవారం ఎనిమిదింటికి నేను వెళ్లేసరికి గోదాము తలుపుల సందులన్నిటికీ టేపు వేసి ఉంది. వెంటిలేటర్లకు గోధుమరంగు కాగితం అంటించి ఉంది. తలుపు మీద పుర్రె బొమ్మ. గ్యాస్ పెట్టే పని చేసే నాగేందర్ ట్రాలీ ఆటోలో సామాను సర్దుకుంటున్నాడు.

"ఏందిది కాకా, రేపు అన్నవ్ గద?"

"వాళ్లకు రేపు అంకాపూర్ల పని వడ్డదంట బిడ్డా. పొద్దుగాల ఐదింటికే వచ్చి పెట్టిండ్రు."

"మరి నా మిషన్?"

"లోపట్నే ఉన్నది. నీ సామాను ముట్టుకుంటె నువ్వు గరమయితవని ఎవ్వలు ముట్టలే."

నోటికి వచ్చినట్టు తిట్టాను. ఆ గ్యాస్ తగిలితే లోపలి రాగి తీగలన్నీ పాడైపోతాయి. వారం రోజులకు తలుపు తీస్తే చేతికొచ్చేది ఉత్త డబ్బానే. ఆఫీసుకు ఏం చెప్పుకోను? కాక తల దించుకుని విన్నాడు. తిట్టి తిట్టి అలిసిపోయాక, అది ఇంకా బతికే ఉందేమో చూద్దామని ఫోన్ తీశాను. కొత్తదానికి ఆ సౌకర్యం ఉంది. ఇరవై అడుగుల లోపల నిలబడితే, లోపల అది వింటున్నది వింటున్నట్టే ఫోన్లో కనబడుతుంది. పాతదానికి అది లేదు.

తలుపుకు ఆనుకుని నిలబడ్డాను. ఫోన్ కలిసింది. రాత్రి పట్టిన చప్పుళ్ల ఫైళ్లు నాలుగు వేల మూడు వందల పదహారు అని చూపించింది.

మిషనే చెడిపోయిందనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను. తర్వాత తెర తెరిచాను. కింది సగం నల్లగా ఖాళీగా ఉంది. పై సగం నిండా గీతలు. నూట యాభై కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే బాగా సన్నటి అరుపులు పడే చోట, చిన్న చిన్న గీతలు, ఒకదాని మీద ఒకటి, సందు లేకుండా పడుతున్నాయి. రాత్రివి కావు. అప్పుడే, ఆ నిమిషంలోనే పడుతున్నాయి.

నా పాత రికార్డర్ వినేది తొంభై ఆరు కిలోహెర్ట్జ్ దాకానే. అంతకు మించి అరిచే చిన్న గబ్బిలాలు ఉంటాయని నాకు తెలియదనను. తెలుసు. అవి గుట్టల్లో బండల సందుల్లోనే ఉంటాయని, ఊళ్లోకి రావని నాకు నేనే చెప్పుకున్నాను. 'నా మిషన్‌కు వినబడినంత వరకు' అని ఆ కాగితంలో నాలుగు ముక్కలు ఎక్కువ రాసి ఉంటే సరిపోయేది. రాయలేదు.

"కాకా, తలుపు తియ్యి. లోపట ఉన్నయి."

"ఏమున్నయి?"

"గబ్బిలాలు. మస్తుగున్నయి. తియ్యమను కాకా."

కాక తలుపు వైపు రెండడుగులు వేశాడు. నాగేందర్ మాత్రం తలుపుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"గోళీలు మెల్లగ కరుగుతయి, ఇప్పుడిప్పుడే గ్యాస్ ఎక్కుతున్నది మేడం. గీ గాలికి తలుపు తీస్తె సీదా యార్డులకే కొడుతది. గక్కడ నలభై మంది ఆడోళ్లున్నరు. వాళ్లందర్ని రోడ్డుకవతల పంపుర్రి, మాస్కు పెట్టుకొని నేనే తీస్త. లేకుంటె నన్ను సంపినా తియ్య."

అతని మాట న్యాయమే. కాక ఒక్క క్షణం నాగేందర్‌ను, ఒక్క క్షణం నన్ను చూసి, "పురుగు వడితె వడనీ, తీద్దాం" అని యార్డు వైపు ఉరికాడు. నేనూ ఉరికాను.

యార్డులో ఆడవాళ్లు పసుపు కొమ్ములను, గుండ్రటి గోళాలను వేరు చేస్తున్నారు. లేవమంటే ఎవరూ లేవలేదు. ఏమైందన్నారు. గ్యాస్ వస్తుందంటే, పొద్దటి నుంచి రాని గ్యాస్ ఇప్పుడెందుకు వస్తుందన్నారు. రత్నవ్వ అనే ఆమె చాట ఒళ్లోంచి దింపకుండానే, "గబ్బిలాల కోసం మమ్మల్ని లేవమంటున్నవా మేడం? గదేం సోద్యమమ్మా" అని నవ్వింది. చుట్టుపక్కల వాళ్లూ నవ్వారు. మూడు వారాల కింద నేను ఎట్లా నవ్వానో అట్లాగే. నెత్తిన నోరు పెట్టుకుని అరిచాను. ఒకామె టిఫిన్ డబ్బా వెతుక్కుంది. ఒకామె చెప్పుల కోసం వెనక్కి తిరిగింది. ఒక ముసలామెను ఇద్దరు పట్టుకుని నడిపించారు. అందరూ రోడ్డు దాటి హోటల్ ముందు నిలబడేసరికి తొమ్మిదిన్నర దాటింది.

నేను తిరిగొచ్చేసరికి నీలవ్వ చిన్నమ్మ గోదాము మెట్ల మీద కూర్చుని ఉంది. ఎవరు చెప్పారో, ఆమెకు అంతా తెలిసిపోయింది. ఆమె పక్కనే నిలబడి ఫోన్ తీశాను.

గీతలు పలచబడ్డాయి. ఇందాక సందు లేని చోట ఇప్పుడు నాలుగు, ఐదు. కాసేపు ఏమీ లేదు. మళ్లీ మూడు.

"ఇవేనా?" అంది చిన్నమ్మ, తెర మీదికి వంగి.

"ఇవే చిన్నమ్మా."

"గింత తక్కువున్నయేంది?"

"ఇందాక శానా ఉండె" అన్నాను. తప్పు చేశాను చిన్నమ్మా అని అనాలనుకున్నాను. అనకుండా తెర మీద ఆ మూడు గీతలకే వేలు పెట్టి చూపించాను. నాగేందర్ మాస్కు బిగించుకుంటున్నాడు. దాని పట్టీ ఒకటి తెగింది. కాక తన తువ్వాలు చింపి ఇచ్చాడు. నేను తెర మీంచి కళ్లు తీయలేదు. ఒక్క గీత పడింది. అది ఒక్కటే, చాలాసేపు, ఆగి ఆగి పడింది. చిన్నమ్మ కూడా దాన్నే చూస్తోంది. తర్వాత అది కూడా పడలేదు. మిషన్ చెడిపోయిందేమోనని మళ్లీ ఆశపడ్డాను. తలుపును అరచేత్తో గట్టిగా బాదాను. ఆ చప్పుడు తెర మీద అడుగున తెల్లగా పడింది. మిషన్ చక్కగా వింటోంది.

నాగేందర్ టేపు అంచు మీద చెయ్యి పెట్టి నా వైపు చూశాడు. "తియ్యాల్నా మేడం?"

"వద్దు" అన్నాను.

చిన్నమ్మ మెట్టు మీంచి లేచింది. గోడ పట్టుకుని, మెల్లగా. నా మొహంలోకి చూడలేదు.

"ఎందుకు వద్దు? తియ్యి నాగేందర్. లేవని సంతకం పెట్టింది గద, ఆమె ముంగట్నే తియ్యి."

కాక చిన్నమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. మమ్మల్ని ముగ్గురినీ గాలికి ఎదురువైపు పంపించి, నాగేందర్ టేపు పట్టుకుని లాగాడు.