మైల అంటని మఫిన్లు

"తల మీద రెండు చెంబులు పోసుకొని వంటింట్లకు రా. ఈ ఒక్కసారికి ఏం కాదులే," అంది నిన్న సాయంత్రం మా అత్తమ్మ విమలాదేవి.

నిన్న పొద్దున్నే నేను బయట కూర్చున్నాను. సైదాబాద్‌లోని మా ఇంట్లో నెలకు మూడు రోజులు ఈ ఆచారం ఇంకా నడుస్తోంది. ముందు గదిలో చాప, విడిగా కంచం, విడిగా గ్లాసు. పోయినేడు పొరపాటున పెరుగు గిన్నె ముట్టుకుంటే మొత్తం పారబోసింది అత్తమ్మ. పెళ్లైన కొత్తలో ఏడ్చేదాన్ని. ఇప్పుడు, సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ మూడు రోజుల కోసం ఎదురుచూస్తాను. నాకు మైల మీద నమ్మకం లేదు. నడుం వాల్చడం మీద ఉంది. "నీకేంది, నెలనెలా మూడు రోజులు సెలవు," అంటాడు మా ఆయన అభిషేక్. నయాపూల్‌లో ఆయన బట్టల కొట్టుకు ఆదివారం సెలవు. ఆ రోజు ఆయన ఇంట్లో ఉంటాడు కాబట్టి నాకు పని రెట్టింపు.

ఈసారి ఆ సెలవు కూడా పోయింది. మా మరిది దీక్షిత్‌కు చూసిన అమ్మాయి వాళ్లు ఇవాళ సాయంత్రం వస్తున్నారు. పులిసిన పిండితో నేను పెనం మీద కాల్చే గుండ్రటి రొట్టెలు, అదే సోర్‌డో మఫిన్ల ఫొటోలు అభిషేక్ వాళ్లకు ముందే పంపించాడు. "మిర్చిబజ్జీలు ఎవరన్న పెడతరు. గివి చూస్తే మన ఇల్లు వేరే అనుకుంటరు. గంట పని, గంతే కద!" అన్నాడు.

గంటట! పిండి పులవడానికే ఒక రాత్రి కావాలి. రోజూ కాస్త మైదా, కాసిని నీళ్లు పోసి సీసాలో సాకుతున్న పులుపు పిండితో నిన్న సాయంత్రమే ముద్ద కలిపాను. ఇవాళ దాన్ని గ్లాసుతో గుండ్రంగా కోసి, బొంబాయి రవ్వ అద్ది, పెనం మీద సన్నటి సెగన రెండువైపులా కాలుస్తూ నిలబడ్డాను. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. పక్కకు కదలడానికి లేదు. పొత్తికడుపు మెలిపెడుతోంది, కాళ్లు పీకుతున్నాయి. అత్తమ్మ వచ్చి దేవుడి గది తలుపు దగ్గరగా వేసింది.

"ఆ దిక్కు మాత్రం పోకు."

పెనం దగ్గర లేని మైల దేవుడి దగ్గర ఎక్కడి నుంచి వచ్చిందని అడగాలనిపించింది. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ. అడిగే ఓపిక లేక పెనం మీది మఫిన్లు తిరగేశాను.

వాళ్లు వచ్చారు. అమ్మాయి పేరు మనస్విని, బ్యాంకులో ఉద్యోగం. పక్కన వాళ్లమ్మ కళావతి గారు. మఫిన్లను ఫోర్కుతో విప్పి, వెన్న రాసి నేనే తీసుకెళ్లాను. కళావతి గారు ఒకటి తిని, "మస్తుగున్నయి," అంటూ ఇంకోటి అందుకున్నారు.

"మా వీణనే చేసింది," అంది అత్తమ్మ మురిపెంగా. "గివన్ని చేసినా మా ఇంట్ల పద్ధతులు మాత్రం గట్టిగుంటయి. ఆ మూడు రోజులు కోడలు వంటింటి గడప తొక్కదు. మీ బిడ్డకు గూడ ఫికర్ లేదు, మంచిగ రెస్టు దొరుకుతది."

అందరూ నవ్వారు. మనస్విని నవ్వలేదు. నా మొహంలోకి చూసింది.

"నిజమా అక్కా? మూడు రోజులు ఏ పని ఉండదా?"

ఇన్నేళ్లూ ఊరుకున్నదాన్ని, ఇంకో పూట ఊరుకోగలను. కానీ ఆ మాట నమ్మి ఈ పిల్ల ఈ ఇంట్లో అడుగుపెడుతుందనుకుంటే ఒళ్లు మండింది. చేతిలో ప్లేటు బల్ల మీద పెట్టి, ఆమె పక్కనున్న కుర్చీలో అందరి మధ్యా కూర్చున్నాను.

"ఇయ్యాల నాకు రెండో రోజు, చెల్లె," అన్నాను.