చక్కెర లేని గ్లాసు

"అన్ని గ్లాసులు ఒక్క తీరుగ ఉండాలె మమతా. ఒక్కదాంట్ల తేడా కనవడ్డా అందరి కండ్లు దాని మీదనే వడ్తయి," అని చెప్పి వెస్లీ మాంసం తేవడానికి సంచి పట్టుకుని బయల్దేరాడు.

చెప్పడానికేం, చెప్తాడు. గంటె బోర్లించి, దాని వీపు మీదుగా పాలు సన్నటి ధారగా జార్చేది తానే కదా. చెయ్యి కాస్త వణికినా పాలు అడుగునున్న ఎర్ర షర్బతులోకి దూకి అంతా కలగాపులగం అవుతుంది. మమతారాణి చెయ్యి ఎప్పుడూ కాస్త వణుకుతూనే ఉంటుంది. ఏడాదిగా మరీను.

అది క్రిస్మస్ మరునాడు. ఆడబిడ్డ క్యాథరిన్, ఆమె అత్తగారి వాళ్ళు కలిపి పదకొండు మంది నిర్మల్ నుంచి కరీంనగర్‌లోని ఈ రెండు గదుల ఇంటికి మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారు. ఆ మూడు రంగుల షర్బతు వీడియో పంపింది కూడా క్యాథరినే. అడుగున ఎరుపు, నడుమ తెలుపు, పైన పచ్చ. "వదినె, గిది చెయ్యి. మా తోటికోడలి అవ్వగారింట్ల ఉత్త కూల్‌డ్రింక్ పోసి ఇచ్చిండ్రు. మన ఇల్లు జర పైన ఉండాలె," అన్నది ఫోనులో. మమతారాణి సరే అన్నది. ఆ ఇంట్లో ఆమె నోట ఎక్కువసార్లు వచ్చే మాట అదే.

మొన్న రెండుసార్లు చేసి చూసింది. మొదటిసారి చెడింది. పక్కన నిలబడి చూస్తున్న ఆరాధన కారణం చెప్పింది. "చక్కెర ఎక్కువున్నది బరువైతది అవ్వా. అడుక్కు కూసుంటది. ఎర్రదాంట్ల మస్తు వెయ్యి, పాలల్ల జర తక్కువ వెయ్యి, పుదీన నీళ్ళల్ల అస్సలే వెయ్యకు." ఏడో తరగతి పిల్ల. తొమ్మిది ఫెయిలయి చదువాపేసిన తల్లికి కూతురు పాఠం చెప్తుంటే మురిపెంగానే ఉంటుంది. కానీ ఆ మురిపెం ఒక్క క్షణమే. అడుగున నిలబడాలంటే చక్కెర కావాలి. మరి నా బిడ్డ గ్లాసులో చక్కెర ఎట్లా వేసేది?

ఆరాధనకు షుగరు. ముసలివాళ్ళకు గోలీలతో సరిపోయే షుగరు కాదు, సూది లేకపోతే ప్రాణం మీదికి వచ్చేది. కిందటేడు వానాకాలంలో పిల్ల బిందెలు బిందెలు నీళ్ళు తాగి, చిక్కిపోయి, ఒకరోజు బడి నుంచి వస్తూనే కూలిపోతే పెద్దాసుపత్రిలో మూడు రోజులు తెలివి లేకుండా ఉంది. ఆ మూడు రోజులు ఆసుపత్రి వరండాలో మమతారాణి మోకాళ్ళ మీదనే ఉంది. నాలుగో రోజు పిల్ల కళ్ళు తెరిచింది. వెస్లీ భార్యతో అన్న మొదటి మాట, "ఇంట్ల ఉండేదానివి, పిల్లను గూడ చూస్కోరాకపాయెనా?" అత్త బుచ్చవ్వ అన్న మొదటి మాట, "మా తరతరాలల్ల ఎవ్వలకు లేదు గీ రోగం. ఇది మీ అవ్వగారి దిక్కుదే." ఆ రెండు మాటలనూ ఆమె కాదనలేదు. కాదనడానికి వీలుండేదేమో, డాక్టరమ్మ ఎవరి తప్పూ లేదని చెప్పింది కూడా, కానీ తప్పు తనదేనని ఒప్పుకుంటే పని ముందుకు సాగుతుంది. దినానికి నాలుగు సూదులు, అయిదారుసార్లు వేలి నుంచి రక్తపు బొట్టు, చీటీ మీద అంకెలు, డబ్బాలో కొలిచి పెట్టే అన్నం. ఈ పనులన్నీ ఎవరూ పంచకుండానే ఆమెకు పంచబడ్డాయి. ఇంట్లో మిగిలిన ఇద్దరికీ ఒక్కటే పని మిగిలింది. దాచడం.

క్యాథరిన్ ఇప్పుడు కడుపుతో ఉంది. ఆమె అత్తగారి వాళ్ళకు ఈ సంగతి తెలిస్తే "మీ పుట్టినింటి రక్తంల ఉన్నదట" అని పీక్కుతింటారని బుచ్చవ్వ భయం. "దాని కాపురం సల్లగుండాలంటె మన నోరు మూత వడాలె. ఆ పిల్లకు గూడ రేపొక పెండ్లి కావద్దా?" అందుకని చుట్టాలకు చెప్పలేదు, చర్చిలో చెప్పలేదు, బడిలో కూడా చెప్పలేదు. ఇన్సులిన్ సూది పెన్ను ఇంట్లో ఉంటే అల్మారాలో మమతారాణి చీరల మడతల మధ్య, బడికి పోతే పిల్ల సంచి అడుగున ఉంటుంది, దొంగ సొమ్ములాగా.

కిందటి నెల చొప్పదండిలో ఒక పుట్టినరోజుకు పోతే, అందరి ముందూ కేకు వద్దంటే అడుగుతారని, పిల్ల కళ్ళతో తల్లిని ఒకసారి చూసి నోట్లో పెట్టుకుంది. ఇంటికి వచ్చేసరికి వాంతులు. ఆ రోజు నుంచి ఏ పండుగ మాట విన్నా మమతారాణికి ముందుగా ఆసుపత్రి వరండానే కనబడుతుంది. సాయంత్రం పూట అంకెలు ఎందుకో ఏ రోజూ దిగడం లేదు. మూడు వందలు, మూడు వందల యాభై. తన చేతి వంటలోనే ఏదో తప్పుందని బడి డబ్బాలో ఒక గరిటె అన్నం తగ్గించింది. అయినా దిగలేదు. ఇంకో గరిటె తగ్గించింది.

చక్కెర లేని ఎరుపుకు ఒక ఉపాయం దొరికింది. బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళలో కిరాణా దుకాణంలో దొరికే చైనా గ్రాస్ వేసి మరిగించి, గ్లాసు అడుగున పోసి ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టి కూర్చుంది. దాని మీద ఉత్త పాలు, ఆపైన పుదీనా నీళ్ళు జార్చింది. గులాబీ షర్బతు గ్లాసుల పక్కన పెట్టి చూస్తే, కన్నతల్లే గుర్తుపట్టలేనంతగా కుదిరింది. పట్టలేనంత ఆనందం కలిగింది, ఆ వెంటనే భయం కూడా. నేనే గుర్తుపట్టకపోతే? ఆ గ్లాసు అడుగున, కింది వైపు, గోళ్ళ రంగుతో ఒక చుక్క పెట్టింది. పదమూడు చక్కెరవి, ఒకటి చక్కెర లేనిది. తనకు ఒకటి పోసుకోలేదని ఆమెకు తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

"ఇగో, పళ్ళెంల నా దిక్కున్న మూలది నీది. నేనే తెచ్చి ఇస్త. ఇంకెవ్వలిచ్చినా ముట్టకు," అన్నది ఆరాధనతో.

"సరే అవ్వా," అన్నది పిల్ల. ఆ 'సరే' అచ్చం తనదే.

పన్నెండున్నరకు చుట్టాలు దిగారు. ఇల్లు ఇరుకైపోయింది. నడుము నొప్పని క్యాథరిన్ లోపలి గదిలో మంచమెక్కింది, ఆమె పిల్లలు అల్మారా ముందే చాప పరిచి ఆట మొదలుపెట్టారు. స్నానాల గది తలుపు ఒక్క నిమిషం ఖాళీగా లేదు. ఒంటిగంట అవుతోంది, భోజనం ముందరి సూది ఇంకా పడలేదు. మమతారాణి అత్తను వంటింటి మూలకు పిలిచి మెల్లగా చెప్పింది.

"గా పిల్లలను జర అవతలికి పంపుతె సూది వేస్త అత్తమ్మా."

"ఇప్పుడా? అందరు గీన్నే ఉన్నరు గదనే. అరగంట ఆగితె ఏమైతది? ఏం గాదు. ముందుగాల షర్బతు వట్టు, సామ్యూల్ సారు ఎదురు సూస్తుండు."

సామ్యూల్ సారు క్యాథరిన్ మామగారు. బడిపంతులుగా చేసి రిటైరైనవాడు, చేతికర్ర పక్కన పెట్టుకుని హాల్లో పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. మమతారాణి పళ్ళెం ఎత్తుకుని హాల్లోకి వచ్చేసరికి "అబ్బ!" అన్నారు అందరూ. పిల్లలు పరుగెత్తుకొచ్చారు. "రంగులు ఎట్ల నిలవడ్డయి అత్తా?" అని ఒకడు వేలు పెట్టబోతే ఆమె పక్కకు తప్పుకుంది. ఆ తప్పుకోవడంలోనే బుచ్చవ్వ ఎదురొచ్చి పళ్ళెం అందుకుంది.

"ఇటు దే. నీ చెయ్యి వణుకుతున్నది. పెద్దలకు ముందుగాల నేనిస్త."

"వద్దత్తమ్మా, నేనే..."

"ఇడువు!"

పళ్ళెం ఆమె చేతుల్లోంచి పోయింది. పోయి, సామ్యూల్ సారు ముందు ఒకసారి, వెస్లీ ముందు ఒకసారి, పిల్లల ముందు ఒకసారి తిరిగింది. మూల ఏదో, నడుమ ఏదో తెలియకుండా పోయింది. మమతారాణి కళ్ళు గ్లాసుల వెంట పరుగెత్తాయి. అన్నీ ఎరుపు, తెలుపు, పచ్చ. ఏ గ్లాసు అడుగున చుక్క ఉందో చూడాలంటే ఒక్కొక్కటీ ఎత్తి చూడాలి. అందరి చేతుల్లోంచీ లాక్కుని ఎట్లా ఎత్తిచూసేది? ఏమని చెప్పేది?

బుచ్చవ్వ ఒక గ్లాసు తీసి ఆరాధన చేతిలో పెట్టింది. "తాగు బిడ్డా, మీ అవ్వ మంచిగ చేసింది."

పిల్ల గ్లాసు పట్టుకుని తల్లిని చూసింది. మమతారాణి తల అడ్డంగా ఊపింది. ఆ ఊపును వెస్లీ చూశాడు. కళ్ళతోనే గదమాయించాడు. అంతలో సామ్యూల్ సారు రెండు గుక్కలు తాగి, మీసం తుడుచుకుని, "మంచిగున్నదమ్మా. గని చక్కెర మర్సిపోయినవు తల్లీ," అన్నాడు నవ్వుతూ.

అందరూ నవ్వారు. "గంత చదువుకున్న పెద్దమనిషికి సప్పటి నీళ్ళు ఇచ్చినవా? గింత చక్కెర వేసే సోయి గూడ లేదాయె!" అని బుచ్చవ్వ కోడలి వైపు తిరిగింది. "పది దినాల సంది గిదే పని, అయినా గిట్ల," అన్నాడు వెస్లీ, తప్పు తన ఇంటిది కాదు, ఆమెది మాత్రమే అని అర్థమయ్యేలా. మమతారాణికి ఆ మాటలేవీ చెవికెక్కలేదు. ఆరాధన గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, అందరితో పాటు నవ్వుతోంది.

చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కొచ్చి తలుపు ఓరగా వేసింది.

"ఎందుకు తాగినవే? తల ఊపిన గదా! కండ్లు తిరుగుతున్నయా? కడుపుల ఎట్లున్నది? నాలికె చూపెట్టు!"

"ఏం గాలేదవ్వా. పరేషాన్ గాకు. ఎవ్వలకు తెల్వలే." తల్లిని ఊరడించాలని పిల్ల ఇంకో మాట కలిపింది. "నేను మంచిగ దాస్త. బడిల గూడ ఇంతవరకు ఒక్కలకు తెల్వనియ్యలే."

"బడిల సూది ఎక్కడ వేసుకుంటున్నవు?"

"బాత్రూంల."

"దినాం వేసుకుంటున్నవా?"

పిల్ల పుదీనా కాడలు ఏరిన చాటను కాలి వేలితో పక్కకు జరిపింది.

"ఎవ్వలు లేకుంటె వేసుకుంట."

"ఎవలన్న ఉంటె?"

"అన్నం గంటకు బాత్రూంల ఎప్పుడూ ఎవలో ఒకలు ఉంటరవ్వా. దీపావళి సెలవులైన కాడి నుంచి వేసుకుంటలేను. నువ్వు ఎవ్వలకు తెల్వద్దన్నవు గదా." మళ్ళీ తనే అన్నది, "అన్నం గూడ నువ్వు తగ్గించినవు గదా, ఏం గాదనుకున్న. జర ఆకలైతది, గంతే."

మమతారాణి పొయ్యి గట్టును పట్టుకుంది. ఏడాదిగా తాను భయపడని రోజు లేదు. కేకుకు భయపడింది, జ్వరానికి భయపడింది, కరెంటు పోతే ఫ్రిజ్‌లో మందు చెడుతుందేమోనని భయపడింది, బస్సులో పిల్ల కునుకు తీస్తే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. లోకంలో ఉన్న ప్రతి కీడునూ ఒకసారి మనసులో నడిపించి చూసింది. ఈ ఒక్కటే ఆమెకు తోచలేదు. ఎందుకంటే ఇది బయటి నుంచి వచ్చింది కాదు. భర్త అన్నాడు, అత్త అన్నది, నిజమే, కానీ ఆ మాటను రోజూ పొద్దున జడ వేస్తూ పిల్ల చెవిలో పోసింది తాను. పిల్ల బుద్ధిగా విన్నది. సూది మానేసి, సగం కడుపుతో, రెండు నెలలుగా అవ్వ మాట నిలబెట్టింది. తాను సాయంత్రం ఆ అంకెలు చూసి అన్నంలో తప్పు వెతికింది. ఇంకో రెండు నెలలు ఇట్లాగే అన్నీ చక్కగా దాగి ఉంటే, ఆ వరండా, ఆ మోకాళ్ళు, నాలుగో రోజు. ఈసారి నాలుగో రోజు ఉంటుందో ఉండదో.

ఏడుపు రాలేదు. రాకపోవడం ఆమెకే వింతగా ఉంది. లోపలి గదిలోకి వెళ్ళి, ఆడుతున్న పిల్లలను "జర జరుగుండ్రి" అని పక్కకు జరిపి, అల్మారా తెరిచి, చీరల కింద నుంచి డబ్బా తీసింది. మంచం మీద నుంచి క్యాథరిన్ లేచి కూర్చుంది. "ఏంది వదినె? మా అత్త జూస్తది!" అన్నది గొంతు తగ్గించి.

"చూడనియ్యి," అన్నది మమతారాణి.

వంటింట్లో ఉన్న కూతురి దగ్గరికి వచ్చి, వంగి, పిల్ల మొహంలోకి చూసింది. "నేను నీకు తప్పు చెప్పిన బిడ్డా. నువ్వు చెయ్యలే తప్పు. ఇప్పుడు సూది వడాలె. ఇంట్ల ఎక్కడా జాగ లేదు, హాల్ల ఉన్నది. నీకు సిగ్గయితె అందరిని బయటికి పంపిస్త, ఎవ్వలేమన్నా సరే పంపిస్త. నువ్వెట్లంటె గట్ల."

నీకెట్లా కావాలి అని పిల్లను ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆరాధన డబ్బా వైపు చూసింది.

"బాపు తిడ్తడవ్వా."

"నన్ను తిడ్తడు. నిన్ను గాదు."

"అయితె హాల్లనే," అన్నది ఆరాధన.

ఇద్దరూ హాల్లోకి వచ్చారు. మమతారాణి ఖాళీ గ్లాసులు పక్కకు నెట్టి బల్ల మీద డబ్బా తెరిచింది. పిల్ల వేలు తానే గుచ్చుకుని రక్తపు బొట్టు మిషను మీద పెట్టింది. సామ్యూల్ సారు భార్య ముందుకు వంగి, "ఏమైంది పిల్లకు?" అని అడిగింది.

"ఏం లేదు వదినె, బలానికి..." అని బుచ్చవ్వ అందుకోబోయింది.

"షుగరు," అన్నది మమతారాణి. "ఏడాది దాటింది. సూది లేకుంటె బతుకదు. రేపు బడి తెరవంగనే పోయి టీచరమ్మకు గూడ చెప్తున్న."

"మమతా! లోపలికి నడు," అన్నాడు వెస్లీ, పళ్ళ మధ్య నుంచి.

ఆమె అతని వైపు చూడలేదు. మిషను మీది అంకె చూసి, డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ చూసి, పెన్ను చివర తిప్పింది. టక్, టక్, టక్ మని ఆ చప్పుడు హాలంతా వినిపించింది. పెన్ను కూతురి చేతికి ఇచ్చింది. సోఫాలో చోటు లేదు.

"బాపూ, జర జరుగు," అన్నది ఆరాధన.

వెస్లీ జరిగాడు. పిల్ల కూర్చుని, అంగీ అంచు రెండు వేళ్ళంత పైకెత్తి, పొట్ట మీది చర్మం పట్టుకుని సూది గుచ్చుకుంది. గుచ్చాక పది లెక్కపెట్టే దాకా తియ్యొద్దు. ఆ పదిని మమతారాణి ఏడాదిగా మూసిన తలుపుల వెనక పెదవులు కదపకుండా లెక్కపెట్టింది.

"ఒకటి," అన్నది ఇప్పుడు, గడప అవతల ఉన్నవాళ్ళకు కూడా వినిపించేటట్టు.