గవ్వలదిబ్బకి మార్కులు

నూకరత్నం పొద్దున్నే లేచి ముందు తిథి చూసుకుంటుంది. దిబ్బకి పోటు ఎన్నింటికి వస్తుందో దాన్ని బట్టే తెలుస్తుంది. ఆ వేళకి పెరట్లో ఎండుచేపల తడికలు అరుగు మీదకి చేర్చాలి, కోళ్లని ఎగదోలాలి. ఉప్పునీరు రోజుకోసారి ఇసుకలోంచి మెల్లగా ఊరి, ఓ గంట నిలబడి, వచ్చినదారినే దిగిపోతుంది. పున్నమికైతే నడుం దాకా, అష్టమికైతే మోకాలి దాకా.

దిబ్బ మీదున్న ఆ ఊరికి సముద్రం పదిహేను కిలోమీటర్లు. ఒకప్పుడు గవ్వలదిబ్బే దాని ఒడ్డు. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రుకి సముద్రం దూరం జరిగింది గానీ రాకపోకలు మానలేదు. పాలకొల్లు బస్సు కండక్టరు కూడా "పోటేళయిందండీ, చెప్పులు చేత్తో పట్టుకుని దిగండి" అని చెప్పి టిక్కెట్లు కొట్టుకుంటాడు.

నూకరత్నం పెరటి వెనక, ఎప్పుడో మిషన్ పెట్టి తవ్వినచోట, దిబ్బ నిలువుగా కోసినట్టు ఉంటుంది. అందులో తెల్ల ఇసుక ఒక వరస, నల్ల ఇసుక ఒక వరస, మధ్యన గవ్వలు ఒక వరస. సముద్రం ఎక్కడ ఆగిందో, ఎప్పుడు కదిలిందో ఆ వరసల్లోనే ఉంది. చదవడం వచ్చినవాళ్లకి అది పుస్తకం. ఊరివాళ్లకి మాత్రం అది పెచ్చులూడిన గోడ.

నూకరత్నం మనవరాలు అశ్వినికి చదవడం వచ్చు. రాజమండ్రిలో భూగర్భశాస్త్రం ఎమ్మెస్సీ చేస్తోంది. తల్లి పోయినప్పట్నించీ అమ్మమ్మే చేపలగంప మోసి చదివించింది. హాస్టల్లో ఎవరైనా అడిగితే అశ్విని తనది పాలకొల్లంటుంది. దిబ్బ పేరు చెబితే ఎండుచేపల వాసన కూడా వస్తుందని ఆ పిల్ల భయం.

బైపాస్ రోడ్డు మెరక కోసం దిబ్బని తవ్వేయడానికి కాగితాలు కదిలాయని తెలిసి, అశ్వినే వాళ్ల ప్రొఫెసరు శివరామకృష్ణ గారిని వచ్చి దిబ్బని చూడమని బతిమాలింది. మార్కులు పిల్లలకే వేస్తారనుకుంటాం గానీ, నేలకీ వేస్తారు. ఎంత అరుదైనది, వరసలు ఎంత బాగా కనపడుతున్నాయి, పిల్లలకి చూపించి పాఠం చెప్పొచ్చా, ఇలా అన్నిటికీ కలిపి వంద. అరవై వస్తే ఆ నేలని ముట్టుకోరు. రాకపోతే వచ్చే నెల్లోనే మిషన్లు దిగుతాయి, దిబ్బ మీది ముప్పై ఇళ్లూ పోతాయి.

ముందురోజు అశ్విని ఫోన్ చేసింది.

"అమ్మమ్మా, రేపు సారొస్తున్నారు. పెరడంతా నీటుగా ఉంచు. తడికలు కనపడనీకు. ఆ వెనకంతా చూస్తే నాకే ఎలాగో ఉంటుంది."

"అలాగేలే అమ్మలూ. నీ పరువు తియ్యను కదా."

ఆ రోజు పోటు తీశాక నూకరత్నం ఎర్రమట్టీ పేడా కలిపి, చెయ్యి అందినంత ఎత్తు వరకూ ఆ కోతనంతా అలికింది. ఆ అలుకు మీద, అడుగువైపు, పిండితో ముగ్గు పెట్టింది. ప్రహరీ మీంచి పక్కింటి రత్తమ్మ తొంగి చూసింది.

"ఏంటొదినా, దిబ్బకేమైనా పెళ్లిచూపులా?"

"అలాంటిదేలే. చూసెళ్లేవాళ్లు పెద్దవాళ్లు."

"పిల్ల కాస్త పొట్టిగా ఉందిగానీ, రంగొచ్చింది" అంది రత్తమ్మ.

మర్నాడు అశ్విని వెంట శివరామకృష్ణ గారు పెరట్లోకి వచ్చి ఆగిపోయారు. అశ్విని మొహం పాలిపోయింది.

"ఇదేంటమ్మా? కోత ఏది?"

"అలికేశారు సార్."

"ఎవరు?"

కొబ్బరినీళ్ల గ్లాసు పట్టుకుని నూకరత్నం అక్కడే నిలబడి ఉంది. చేతి గోళ్ల సందుల్లో ఎర్రమట్టి ఇంకా పోలేదు. అశ్విని ఆవిడ వైపు చూడలేదు.

"ఎవరోనండి. ఈ ఊళ్లోవాళ్లకి ఇవన్నీ తెలియవు కదా సార్."

"అవునండి, ఎవరో తెలివితక్కువ మనిషండి" అంది నూకరత్నం గ్లాసు అందిస్తూ.

"తమరెవరండీ?"

"ఈ ఇంటిదాన్నండి."

అంతకుమించి ఆవిడ చెప్పలేదు. ఇప్పుడైనా చెప్పొచ్చు అనుకుంది అశ్విని. చెప్పలేదు.

"పార పెట్టి గీకనా అండి?" అనడిగింది నూకరత్నం.

"వద్దండి, దాంతోపాటు లోపలి వరసలూ ఊడొస్తాయి. కాగితం ఇవాళే పంపాలి. కనపడనిదానికి మార్కులెలా వెయ్యను? నలభై దాటేలా లేదు." ఆయన గడియారం చూసుకున్నారు. "పోటెన్నింటికండీ?"

"పదకొండింటికండి. ఇవాళ అష్టమి. పెద్దగా రాదు."

ఆయన ప్యాంటు మడుచుకుని అరుగెక్కి కూచున్నారు. పదకొండింటికి నీరు ఊరింది. మోకాలి దాకా వచ్చి నిలిచింది. కానీ వత్తి నూనె పీల్చినట్టు దిబ్బ ఆ నీటిని ఇంకా పైకి పీల్చింది. ముందు ముగ్గు చెదిరింది. తర్వాత నడుమెత్తు దాకా అలుకంతా ఒక్కపొరగా జారి నీళ్లలో కరిగిపోయింది. కడిగిన పళ్లెంలా వరసలు బయటపడ్డాయి. తెలుపు, నలుపు, గవ్వలు, మళ్లీ తెలుపు.

శివరామకృష్ణ గారు నీళ్లలోకి దిగి, వేలు తగలకుండా ఒక్కో వరసా లెక్కపెట్టుకుంటూ రాసుకున్నారు. అంకెలు వేసి కూడారు. అరవైరెండు. కలం మూయబోతూ తలెత్తారు. పైన, నీరు ఎక్కనిచోట, ఎర్రటి పట్టీ మిగిలి ఉంది. దాని నిండా అరచెయ్యి తిప్పిన అర్ధచంద్రాలు.

"ఈ పై వరస ఎప్పటిదని రాయను?"

ఆయన నవ్వులాటకే అడిగారు. అశ్వినికి నవ్వు రాలేదు. నీళ్లలో నిలబడి అమ్మమ్మ వేళ్ల గుర్తుల్నే చూస్తోంది.

"నిన్నటిదండి. మా అమ్మమ్మ అలికింది." నూకరత్నం వైపు తిరిగింది. "ఈవిడే మా అమ్మమ్మండి. నీటుగా ఉంచమన్నది నేను. నా ఊరు చూపించడానికి సిగ్గేసి అలా అన్నానండి. మీకు చెప్పడానికీ సిగ్గేసింది."

శివరామకృష్ణ గారు కాగితం మీద పై వరసకి 'నిన్నటిది' అని ఒక ముక్క రాసి, నూకరత్నానికి దణ్ణం పెట్టి అరుగు వైపు వెళ్లిపోయారు.

నూకరత్నం చేతులు కొంగుకి తుడుచుకుంటూ మనవరాలి పక్కకొచ్చింది.

"సారు ముందు అవన్నీ ఎందుకే?" అని గొణిగింది. ఆ పిల్ల తలెత్తకపోయేసరికి వంగి చూసి, "చున్నీ నీళ్లలో పడిందమ్మలూ, ఉప్పుమరకలు పోవు. పైకి పట్టుకో" అంది.

అశ్విని పట్టుకోలేదు. పోటు తీసేదాకా అలాగే నిలబడింది.