పెట్టె మీద రాయని మందు

పాయకుంబుహ్ పట్టణ ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసే యుస్నిదార్ ఆ చీటీని రెండుసార్లు చదివింది. బిడ్డ పేరు హస్నా, వయసు ఏడు నెలలు. మందు మాత్రం మగవాళ్లు దుకాణంలో పక్కవాడికి వినపడకుండా గొంతు తగ్గించి అడిగేది. చీటీ పట్టుకుని మేడ మీదికి వెళ్లింది.

“బూ డాక్టర్,” అని గౌరవంగా పిలిచింది. “మందు పేరు పొరపాటున రాశారేమో?”

పిల్లల డాక్టర్ మర్దియా నవ్వింది. “పొరపాటేం లేదు. ఆ పిల్లకి ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు బిగుసుకుపోయాయి. ఈ మందు వాటిని వదులు చేస్తుంది.”

“పెట్టె మీద పిల్లలకని లేదు కదండీ.”

“పసిపిల్లల మీద పరీక్షలు చేసేవాళ్లే తక్కువ, ఇక పెట్టె మీద రాసేదెవరు? రాసేదాకా ఆగితే పిల్ల దక్కదు. తండ్రితో గుండె మందని చెప్పు, చాలు.”

ఆ ‘చాలు’ యుస్నిదార్‌కు మింగుడుపడలేదు. కిందికొచ్చి మాత్రలు నూరి, తూచి, చిన్న చిన్న కాగితం పొట్లాలు కట్టింది. తండ్రి జుల్హెంద్రి రాగానే మందు పేరు దాచకుండా చెప్పేసింది.

అతని ముఖం ఎర్రబడింది. “వేళాకోళమా, ఉనీ?” అక్కా అని పిలుస్తూనే కసిరాడు. “ మా వ్యాన్ల స్టాండులో ముసలాళ్లు కొనుక్కునేది ఇదేగా! రేపు నా కూతురికి మీసాలొస్తే?”

“మీసాలు రావు, ఉదా,” అంది, అన్నా అని పిలుస్తూ. “ రక్తనాళాల్ని వదులు చేయడమే దాని పని. కానీ పిల్లలకిమ్మని పెట్టె మీద రాసి లేదు. ఆ మాట మీకు తెలియాలి.”

అతను ఒక పొట్లం చేతిలోకి తీసుకున్నాడు. “మా పిల్లకంటే ముందు ఎవరికిచ్చారు? వాళ్లేమయ్యారు?”

యుస్నిదార్‌కు తెలియదు. తెలుసుకోవాలని తనకూ ఉంది. మళ్లీ మెట్లెక్కింది. ప్రశ్న విన్న మర్దియా చేతిలో పని వదిలి లేచింది. తర్వాత తానే కిందికి దిగొచ్చి జుల్హెంద్రి పక్కన కూర్చుంది.

“నేను పదకొండు మందికిచ్చాను. తొమ్మిది మంది తేరుకున్నారు. ఇద్దరు పోయారు. జబ్బు వల్లో, మందు వల్లో నాకిప్పటికీ తెలీదు.”

“ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదా, బూ?” అన్నాడతను.

“లేదు. నేనూ చెప్పలేదు.”

జుల్హెంద్రి చేతిలోని పొట్లం ఆమెకందించాడు. “వేయండి. దగ్గరుండి చూస్తారు కదా?”

చూశారు. రక్తపోటు పడిపోకుండా కనిపెడుతూ పిల్లను నాలుగు రోజులు వార్డులోనే ఉంచుకున్నారు. నెల తిరిగేసరికి హస్నా పెదవుల నీలం తగ్గింది, ఆయాసపడకుండా పాలు తాగుతోంది. ఆ మందు ఏ బిడ్డకు రాసినా, తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి మర్దియా ఇప్పుడు తానే అంతా చెబుతోంది. పోయిన ఆ ఇద్దరి గురించి కూడా.