ఒత్తుల కింది ఖాళీ

శ్రీపాల్ ఇరవై ఆరేళ్లపాటు గోడల మీద అక్షరాలు రాసినవాడు. నర్మెట్ట నుంచి జనగామ దాకా ఎరువుల దుకాణాల పేర్లూ, బడి గోడల మీది సూక్తులూ అతని కుంచె నుంచే వచ్చాయి. ఫ్లెక్సీలు వచ్చి ఆ చేతికి పని లేకుండా చేశాయి. నలభై ఏడో ఏట, జనగామ స్టేషన్ రోడ్డులోని ఒక కంప్యూటర్ కేంద్రంలో వెబ్ డిజైన్ నేర్చుకోవడానికి చేరాడు. మొదటి వారం భయం వేసింది. రెండో వారం ధైర్యం వచ్చింది. మూడో వారం భాగ్య వచ్చింది.

భాగ్యది దేవరుప్పుల. బట్టలు కుడుతుంది. ముప్పై దాటలేదు. శ్రీపాల్ ఇంకా రంగుల సంకేతాలు నోటుబుక్కులోకి ఎక్కించుకుంటుండగానే, ఆమె పేజీలో రాతలూ బొమ్మలూ పెట్టే డబ్బాలను పక్కపక్కన నిలబెట్టడం నేర్చేసుకుంది. ఎవరికి ఏ సందేహం వచ్చినా, పాఠం చెప్పే మహీధర్ సారు భాగ్యక్క స్క్రీన్ చూడమనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా శ్రీపాల్‌కు అరికాల్లో ముల్లు విరిగినట్టుండేది.

అంతలో స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి మహిళల మిరప సంఘం తమకొక వెబ్‌సైటు కావాలని వచ్చింది. ఇద్దరు విద్యార్థులు చెరొకటి చేయాలి. సంఘం అధ్యక్షురాలు చిలుకమ్మ ఒకటి ఎంచుకుంటుంది. అది లోకానికి కనబడుతుంది. రెండోది సారు కంప్యూటరులోనే ఉండిపోతుంది. తన చేతిపని మళ్లీ పదిమంది కళ్లబడడానికి శ్రీపాల్‌కు ఇదొక్కటే దారి. రెండో విద్యార్థి ఎవరో చెప్పనక్కరలేదు.

గీత వంకరపోకుండా గోడకు సున్నపు దారం కొట్టినంత నిష్ఠగా అతను పనిచేశాడు. కేంద్రంలోని కంప్యూటరు తెరను కొలిచి, ఆ కొలతకే ప్రతి డబ్బానూ బిగించాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

చూపించే ముందురోజు భాగ్య అతన్ని పిలిచి, అక్షరాల సంగతి నీకే ఎరుక, జర చూడన్నా అంది. శ్రీపాల్ వంగాడు. వంగగానే కనిపించింది. ఎర్ర పట్టీల మీద రెండు వరుసల శీర్షిక. కింది పట్టీ పై వరుసలోని ఒత్తుల కొసలను మింగేసింది. ఇంగ్లీషు అక్షరాలకైతే వరుసల మధ్య ఆ ఎడం చాలు. తెలుగు ఒత్తు కిందికి దిగుతుంది, దానికి చోటు వదలాలి. ఒక్క అంకె మారిస్తే అయిపోతుంది.

"మంచిగనే ఉన్నది," అన్నాడు శ్రీపాల్.

మర్నాడు చిలుకమ్మ వచ్చింది. మహీధర్ పెద్ద తెర చూపించబోతే, తమ ఆడవాళ్లు ఫోన్లలోనే చూస్తారని సంచిలోంచి తన ఫోను తీసింది. అందులో శ్రీపాల్ శీర్షిక సగం అంచు దాటి పోయింది. మిరపకాయల బొమ్మ కోసం బొటనవేలితో పక్కకు ఈడ్చుకుంటూ పోవాల్సి వచ్చింది.

"గిదేంది సారూ, పేరు సదువాల్నంటే గోడెంబడి నడువాల్నా?"

భాగ్య పేజీ ఆ చిన్న తెరలో ఒదిగి కూర్చుంది. ఇంకా నేర్పని పాఠం నీకెట్లా తెలిసిందని మహీధర్ అడిగాడు.

"ఒళ్లు ఎంతుంటదో ఎరుక లేనప్పుడు కుట్లల్ల బట్ట ఇడ్సిపెడ్తం గద సార్. గట్లనే జేసిన."

చిలుకమ్మ ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "గని అచ్చరాల కాళ్లు తెగినయేంది బిడ్డా?"

భాగ్య తెల్లబోయింది. "శ్రీపాలన్నకు సూపిచ్చిన. మంచిగున్నదన్నడు."

ఆ గొంతులో నింద లేదు. అదే అతన్ని ఎక్కువగా గుచ్చింది. అందరూ అతని వైపు తిరిగారు. కనబడలేదంటే సరిపోయేది, ఎవరూ అనుమానించరు. కానీ తెగిన ఒత్తు తన కంటికి ఆనలేదని ఒప్పుకోవడమంటే, పేజీతోపాటు అక్షరాలనూ ఆమెకే రాసిచ్చినట్టు. అంతకన్నా అసూయాపరుడు అనిపించుకోవడమే తేలికనిపించింది.

"కనబడ్డది," అన్నాడు. "కావాల్ననే చెప్పలె."

చిలుకమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "కుళ్లుకున్నవా కొడుకా? నయం, అబద్ధమాడలె. కూసోని సక్కగ జెయ్యి మరి."

భాగ్య లేచి చోటిచ్చింది. శ్రీపాల్ వరుసల ఎడం ఒకటి ఉన్నచోట ఒకటిన్నర వేశాడు. ఒత్తులు కిందికి దిగి నిలబడ్డాయి. చిలుకమ్మ సంఘం పేరు తడబడకుండా చదివి, ఇదే ఉంచమంది.

పని అయిపోయినా శ్రీపాల్ లేవలేదు. తెర మీది పేజీ కిటికీని మౌస్‌తో అంచు లాగి ఇరుకు చేశాడు; డబ్బాలు ఒకదాని కిందికొకటి సర్దుకున్నాయి. వెడల్పు చేశాడు, మళ్లీ పక్కపక్కన నిలిచాయి. ఎక్కడో ఒకచోట ఒక్కటైనా జారకపోతుందా అని ఇంకోసారి లాగి చూశాడు.

"ఇగ లెవ్వన్నా," అంది వెనక నిలబడ్డ భాగ్య. "గది నా కుర్సీ."