ఎడమచేతి కత్తులు

ఫాంతీని ప్రచురణల ఘన చరిత్ర అని ఎవరైనా అంటే అక్కడ పనిచేసే నివెస్‌కి ఒళ్ళు మండేది. ఇటలీలో బొలోన్యా ఊళ్ళో అల్లిక నమూనాలు అచ్చువేసుకుని బతికే కంపెనీ అది. టీవీలో జపాను బొమ్మలకి పిల్లలు అతుక్కుపోవడం చూసి మాంగా అనే జపాను బొమ్మల కథల పుస్తకాల్లోకి దూకింది. జపాను పుస్తకం కుడి నుంచి ఎడమకి చదవాలి. ఇటలీ బుర్రలకి అది ఎక్కదని యజమాని ఫాంతీని ప్రతి పేజీనీ అద్దంలో బొమ్మలా తిరగేసి అచ్చువేశాడు. దాంతో కథల్లో కత్తి పట్టే సమురాయ్ వీరులందరికీ ఎడమచేతివాటం వచ్చింది. గుండె ఆగినవాడు కుడి రొమ్ము పట్టుకుని చచ్చాడు. ఇంకో కంపెనీ తిరగెయ్యకుండా వేసి పాఠకుల్ని లాక్కున్నాకే ఈయన కళ్ళు తెరిచాడు.

ఇప్పుడు కంపెనీ మాంగా మొదలుపెట్టి ముప్పయ్యేళ్ళని పండగట. బొమ్మల పక్కన బుడగల్లో పాత్రల మాటలు రాసే నివెస్‌ని పిలిపించాడు.

"మన మొదటి పుస్తకంలో పేజీ తీసుకుని సరైన వైపుకి తిప్పి, మాటలు మళ్ళీ రాయి. పెద్ద పోస్టరు. కింద పాత తేదీ పెట్టు."

"పాత తేదీనా, దొత్తోరే? అప్పుడు మనం తిరగేసే కదా వేశాం?"

"అది ఎవడికి గుర్తుందమ్మా? పని కానియ్. సోమవారం నీ పర్మినెంటు కాగితం మీద సంతకం పెడతా."

దొత్తోరే అంటే పట్టా పుచ్చుకున్నాయన అని; ఈయన డిగ్రీ సగంలో వదిలేసిన మనిషి. దొత్తోరే అని పిలవకపోతే మాత్రం పలకడు.

ఆ కాగితం చూపించకపోతే అద్దె ఒప్పందం పొడిగించనని ఇంటి ఓనరు తెగేసి చెప్పాడు. పాప ఇప్పుడిప్పుడే పాకుతోంది. ఇంక ఎవరి గచ్చు మీద పాకుతుంది? నివెస్ రాసింది. రాస్తున్నంతసేపూ తన చెయ్యంటే తనకే రోత పుట్టింది.

శనివారం పండగ సభ. పాపని చంకనేసుకుని వెనక నిలబడింది. పాత పాఠకుల సంఘం వాళ్ళు, పొట్టలు పెరిగిన పెద్దమనుషులు, జపాను కిమోనో అంగీలు చుట్టుకుని, నడుముకి కత్తులు కట్టుకుని వచ్చారు.

"తొలి రోజు నుంచీ కళకి తలవంచాం. ఒక్క పేజీ కూడా తిరగెయ్యలేదు!" అని ఫాంతీని పోస్టరు వైపు చెయ్యి చాచాడు.

ఒరెస్తే అనే లావుపాటాయన లేచాడు. అతని కత్తి కుడి నడుముకి వేలాడుతోంది. అతని పక్కవాళ్ళవీ అంతే.

"దొత్తోరే, చిన్న సందేహం. మీ పోస్టర్లో వీరుడు కుడిచేత్తో దూస్తున్నాడు. మీ పుస్తకం చూసే కదా మేము నేర్చుకుంది? మరి మేమంతా ఎడంచేత్తో ఎందుకు దూస్తున్నాం?"

సంఘం వాళ్ళందరూ ఒక్కసారిగా ఎడంచేత్తో కత్తులు దూశారు. హాలంతా గొల్లుమంది.

ఫాంతీని మొహం పాలిపోయింది. "అది... పోస్టరు రాసిన అమ్మాయి పొరపాటు. పసిపిల్ల తల్లి కదా, బుర్ర ఎక్కడో ఉంటుంది." అంటూనే నివెస్‌కి కన్నుగీటాడు. నోరు మూసుకో, సోమవారం గుర్తుంచుకో అన్నట్టు.

నివెస్‌కి ఇల్లు గుర్తొచ్చింది. పాప ఆమె జుట్టు పట్టి లాగింది.

"నా బుర్ర ఇక్కడే ఉందండి," అంది. "ఆ పోస్టరు నేనే రాశాను, మొన్న గురువారం. ఆ పాత తేదీ కూడా ఈయన పెట్టమంటేనే పెట్టాను."

"రేపటి నుంచి నువ్వు పనిలోకి రాకు!" అని ఫాంతీని అరిచాడు.

"రేపు ఆదివారం, దొత్తోరే. అదైనా సరిగ్గా చెప్పండి."

పాపని ఎత్తుకుని మెట్లు దిగింది. ఇంటి ఓనరుకి ఏం చెప్పాలో తెలియలేదు. పైన నవ్వులు మాత్రం ఇంకా ఆగలేదు.